మా అత్త కట్టిన పట్టుగూళ్ల దండలు

పోయిన నెల కుప్పంలో ఒక బడి వార్షికోత్సవానికి నన్ను పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, మెడలో పట్టుగూళ్ల దండ వేశారు. చీరల మీద రంగులతో బొమ్మలు వెయ్యడం ఆడపిల్లలకు నేర్పుతానని నాకు ఆ మర్యాద. దండ మెడకు తగలగానే ఆ గరుకుదనం, ఆ ఎండు వాసన నన్ను ఎక్కడికో లాక్కుపోయాయి. ఏం చేస్తున్నానో నాకే తెలిసేలోపు, దండ కింది కుచ్చులోంచి ఒక గూడును చెవి దగ్గరికి తీసుకుని గట్టిగా ఊపాను. లోపల గలగలమంది. హమ్మయ్య అనుకుని వదిలేశాను. పక్కనున్న హెడ్మాస్టరుగారు నా వైపొకసారి చూసి, కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నారు. ఆయనకు మా అత్త సంగతి తెలియదు. తెలిసుంటే తన మెడలోది కూడా ఊపి చూసుకునేవారు.

మా అత్త పేరు సరోజమ్మ. కుప్పానికి దగ్గర్లోని ఒక పల్లెలో, మల్బరీ తోటా పట్టుపురుగుల షెడ్డూ ఉన్న రైతు ఇల్లు ఆమెది. నేను పుంగనూరు పిల్లను. తొంభైల మొదట్లో పెళ్లయి ఆ ఇంటికి వెళ్లేటప్పుడు మా అమ్మ ఏడుపు మధ్యలో కూడా జాగ్రత్తలు చెప్పింది. అత్త ముందు నోరెత్తొద్దు, ఆమె లేచేలోపు లేవాలి, ఆమె తిన్నాకే తినాలి అని. అవన్నీ మనసులో వల్లెవేసుకుంటూ గడప దాటాను. అత్త నా మెడలో గొలుసు వంక చూడలేదు, చేతుల గాజుల వంకా చూడలేదు. వేళ్లు పట్టుకుని చూసింది.

"వేళ్లు సన్నంగా ఉండాయే. కత్తెర పట్టుకుంటావా?"

భయంతో తల ఊపాను. పెళ్లిచీర మడత నలగకముందే నేను నడిమింట్లో కూర్చుని పట్టుగూళ్లు కోస్తున్నాను. కొత్త కోడలిని చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు నన్ను చూసి, 'అయ్యో పాపం, దొరికిపోయింది' అన్నట్టు నవ్వుకుని వెళ్లారు.

మంచి గూళ్లన్నీ సంతకు పోతాయి. మరకపడినవి, మెత్తగా అణిగినవి, రెండు పురుగులు కలిసి కట్టినవి మిగిలిపోతాయి. వాటిని పారెయ్యడం అత్తకు చేతనయ్యేది కాదు. కొసన కోసి, లోపలి పురుగును తీసి, గూటిని పసుపులోనో బీట్‌రూట్ రసంలోనో ముంచి, రేకులుగా కత్తిరించి పువ్వు చేసేది. పువ్వులు గుచ్చి దండ కట్టేది. తీసిన పురుగులు కోళ్లకు. అందుకని మా ఇంటి కోళ్లు ఆమె ఎటు పోతే అటు, నాయకుడి వెనక జనంలా నడిచేవి. ఈ పనంతా నడిమింట్లో ఒక పెద్ద టేబులు మీద జరిగేది. ఆ టేబులు మా ఆయన పదో తరగతి చదువుకోసం కొన్నారట. ఆయన పాసయ్యాడు, టేబులు అత్త పాలయింది. ఒక చేత్తో సంగటి కెలుకుతూ, ఇంకో చేత్తో రేకు మడిచేది ఆమె. గూడు ముక్కలు మామ చొక్కా జేబులో దొరికేవి, దుప్పట్లలో దొరికేవి. ఒకరోజు మామ తన అన్నంలోంచి ఒకటి తీసి, వేళ్లమధ్య పట్టుకుని అడిగాడు.

"ఏందిమే ఇది?"

"పువ్వు."

"పప్పులో పువ్వేంది?"

"పడింది. తీసి పక్కన పెట్టు, ఇంకా రంగెయ్యల్ల దానికి."

మామ గోవిందప్పది గట్టి గొంతు. ఆయన అరవడం, ఆమె పట్టించుకోకపోవడం ఆ ఇంట్లో రేడియోలాగా రోజూ మోగేది. అయితే అత్తకు లోపల ఒక దిగులుండేది. ఆమె దండలను మనుషులెవరూ వేసుకునేవారు కాదు. బంధువులకు ప్రేమగా ఇచ్చేది, వాళ్లు 'బాగుండాది' అని తీసుకెళ్లేవారు. ఒకసారి వి.కోటలో ఆమె చెల్లెలి ఇంటికి వెళ్తే, ముందటేడు ఇచ్చిన దండ వాళ్ల గేదె మెడలో కనపడింది. "ఎనుముకు బాగానే ఉండాది" అని అత్త నవ్వింది. ఆ పూట మాత్రం సరిగ్గా తినలేదు. నాకు చాలా బాధేసింది.

నా సంగతి వేరు. పుంగనూరులో వేసవి సెలవుల్లో బట్టల మీద రంగులు వెయ్యడం నేర్చుకున్నాను. పుట్టింట్లో ఆ సీసాలు కనపడితే చాలు, 'దీనివల్ల ఒక ముద్ద పుడతాదా' అని మా నాన్న ఎగిరేవాడు. కాబట్టి నాకు దాచుకోవడమే అలవాటు. అత్తగారింట్లో కూడా మధ్యాహ్నాలు గది గడియ పెట్టుకుని చీర మీద బొమ్మ వేసుకునేదాన్ని. ఒకరోజు అత్త తలుపు తట్టింది. కంగారులో చీరను పరుపు కిందికి తోసి గడియ తీశాను. ఆమె తిన్నగా వచ్చి పరుపెత్తింది. పచ్చి రంగులో ఉన్న నెమలి సగం చీర మీదా సగం పరుపు అడుగునా ఉంది.

"చీర మీది కంటే పరుపు మీదిదే బాగుండాది" అంది. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "తలుపేసుకోని చేసేది తప్పు పని. ఇదేం తప్పు పని? యాల దాస్తాండావు?"

"మామ ఏమైనా అంటాడని, అత్తా."

"అంటాడు. నన్ననడం లేదా? ఆయప్ప గొంతు ఆయప్పది, మన చేతులు మనవి."

ఆ మాట విని కూడా నాకు ధైర్యం రాలేదు. మరుసటి రోజూ గడియ పెట్టుకున్నాను.

కొన్నేళ్లకు మా ఆడబిడ్డ గీతకు మదనపల్లె సంబంధం కుదిరింది. వాళ్లకు బట్టల అంగడి ఉంది. వియ్యపురాలు మహా శుభ్రం మనిషి, వాళ్లింట్లో సోఫాకు వేసిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. నిశ్చితార్థం నుంచి తిరిగొచ్చిన రోజే అత్త ప్రకటించింది. పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ పూలదండలు కాదు, తను కట్టిన గూళ్ల దండలే వెయ్యాలని. మామ పైకప్పు లేచిపోయేలా అరిచాడు. గీత మాత్రం "మా అమ్మ కట్టిందే నాకు కావల్ల" అని మొండికేసింది. చివరికి మామ ఒక షరతు పెట్టాడు.

"పెండ్లిలో ఎవురన్నా ఒక్క మాట అన్నారో, ఆ టేబులు ఈ నడిమింట్లో ఉండదు. షెడ్డుకు పోతాది. నువ్వు మల్లా కత్తెర పట్టగూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. మాట మాటే" అంది అత్త. అంత తొందరగా ఒప్పుకుంటుందని మామ కూడా అనుకోలేదు.

ఈసారి ఆమె చెత్త గూళ్లు ముట్టలేదు. సంతకు పోవాల్సిన వాటిలోంచి తెల్లగా మెరిసేవి ఏరుకుంది. పువ్వులు కోసి చేసింది గానీ, కింద వేలాడే కుచ్చుకు మాత్రం గూళ్లు నిండుగా, కొయ్యకుండా ఉండాలని ఆమె పట్టు. కొయ్యని గూట్లో పురుగు బతికుంటుంది. అది చావాలంటే ఆవిరి పట్టాలి, లేకపోతే గట్టి ఎండలో పడెయ్యాలి. ఆవిరికి మా ఇంట్లో ఉన్నది ఇడ్లీ పాత్ర ఒక్కటే. వెనకెప్పుడో ఆమె అందులో గూళ్లు పెట్టిందని తెలిసినప్పటినుంచి మామ ఇడ్లీ వంక అనుమానంగా చూసేవాడు. "మల్లా దాన్ని ముట్టుకున్నావంటే ఈ ఇంట్లో పచ్చినీళ్లు తాగను" అన్నాడు. సరే, ఎండలోనే అనుకుని చాటలో పోసి మిద్దె మీద పెట్టింది. పెట్టిన మరుసటి రోజునుంచి ముసురు పట్టింది.

వాన ఆగితే పైకి, చినుకు పడితే కిందికి. అత్తా నేనూ ఆ చాటను పసిబిడ్డలా మోశాం. ఆమె ఒక్కో గూడునూ చెవి దగ్గర ఊపేది. ఎండిన పురుగైతే గలగలమంటుంది, బతికుంటే మెత్తగా తగులుతుంది. పెళ్లికి బయలుదేరే ముందు మొత్తం ఊపి చూసి, "గలగలే" అంది. నన్ను కూడా వినమంది. నాకు వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆమె ముఖంలో ఆశ చూసి, "గలగలే అత్తా" అన్నాను. వ్యానులో దండల బుట్టకు తడి తగలకూడదని డ్రైవరు పక్కన, ఇంజను మీద వెచ్చగా పెట్టుకుంది. పలమనేరు దాటి, మా పుంగనూరు దాటి మదనపల్లె చేరేవరకూ అది అక్కడే ఉంది. గూట్లో నిద్రపోయే పురుగుకు అంతకంటే సుఖం ఏం కావాలి?

ముహూర్తం తెల్లవారుజామున. దండలు బయటికి తీయగానే మండపం మొత్తం చూసింది. అంత అందంగా ఉన్నాయి. సోఫా కవరు తీయని ఆ వియ్యపురాలు కూడా చేత్తో తడిమి, "ఏ అంగట్లో దొరికినాయి వదినా?" అని అడిగింది. "మా ఇంట్లో" అంది అత్త. ఆ క్షణంలో ఆమె ముఖం నేను చచ్చేవరకూ మర్చిపోను. దండలు మార్చుకున్నారు. వీడియో అతను పెద్ద లైటు తెచ్చి పెళ్లికొడుకు ముఖం మీద పెట్టాడు.

పట్టుపురుగు పెంచేవాళ్లకు తెలుసు, తెల్లారి వెలుతురు పడ్డప్పుడే అది గూడు తొలుచుకుని రెక్కలతో బయటికి వస్తుంది. మదనపల్లెలో ఆ రోజు సూర్యుడికంటే ముందు వీడియో లైటు ఉదయించింది. పెళ్లికొడుకు పొట్ట మీద ఏదో గిలిగింత. వంగి చూస్తే, కుచ్చులోంచి తడి రెక్కలతో తెల్లటి పురుగు ఒకటి నింపాదిగా పైకెక్కుతోంది. ఎక్కుతూ అతని తెల్ల పంచె మీద ఎర్రమట్టి రంగు చుక్క ఒకటి వదిలింది. అతను పీట మీదనుంచి ఎగిరి నిలబడ్డాడు. గీత తన దండ చూసుకుని, పాలు పొంగాయన్నంత మామూలుగా, "మా, లేచినాయి" అంది. అతని దండ మీదిది మగది, ఆమె దండ మీదిది ఆడది. అతను ఎగిరిన ఊపుకు మగది గీత ఒళ్లో పడి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ ఆమె దండ మీదికి పాకి, ఏమాత్రం సిగ్గులేకుండా ఆడదానితో జతకట్టింది.

మా ఊరివాళ్లంతా పట్టు రైతులే. పడీపడీ నవ్వారు. "మీకంటే ముందే వాటి పెండ్లి అయిపాయనే" అన్నాడు ఒక ముసలాయన. పంతులుగారు మంత్రం మధ్యలో ఆగిపోయారు. వియ్యపురాలికి మాత్రం నవ్వు రాలేదు.

"నా కొడుక్కి పురుగుల దండేసినారా? ఎవురు చేసిందిది?"

మేళం ఆగిపోయింది. అత్త గబగబా పీటల దగ్గరికి వచ్చింది. మామ లేచాడు. అయిపోయింది, అందరి ముందూ అత్తను తిడతాడు అనుకున్నాను. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"మా ఇంటామె చేసింది. ఆమె పనిలో తప్పేం లేదు. ఈటికి ఆవిరి పట్టల్ల. ఇడ్లీ పాత్రలో పడతానంటే నేనే వద్దన్న్యా. తప్పు నాది."

అప్పటికే సగం మంది టిఫిను చేసి వచ్చి కూర్చున్నారు. ఇడ్లీ అనే మాట వినగానే మగపెళ్లివారి వరసల్లో ఒక కదలిక వచ్చింది. ఎవరో నెమ్మదిగా అడిగారు. "ఆ పాత్ర ఈడికి తెచ్చినారా అప్పా?"

"లేదప్పా. ఈడ వండింది మండపమోళ్ల పాత్రలో."

మగపెళ్లివారిలో మొదట నవ్వింది పెళ్లికొడుకే. "అమ్మా, ఉండనీమ్మా, బాగుండాది" అని దండ తీయకుండానే పీట మీద కూర్చున్నాడు. అత్త ఆ పురుగుల జంటను వేలితో జాగ్రత్తగా తీసి తమలపాకు మీద పెట్టుకుంది. తాళి కట్టడం అయింది.

పెళ్లయితే అయింది గానీ, వియ్యపురాలు మాట అననే అంది. ఇంటికి వచ్చిన మరుసటి రోజే అత్త టేబులును ఈడ్చుకుంటూ షెడ్డులో పడేసింది.

"యాల తీసినావు?" అన్నాడు మామ.

"మాట మాటే."

అంతమంది ముందు ఆమె పక్క నిలబడ్డ మనిషికి, ఇంట్లో 'మళ్లీ పెట్టుకో' అనడానికి నోరు రాలేదు. ఆమె అడగదు, ఆయన చెప్పడు. ఇల్లు అద్దంలా శుభ్రంగా ఉంది. పప్పులో పప్పే ఉంది. కోళ్లు గడప దగ్గర నిలబడి లోపలికి చూసి చూసి వెళ్లిపోయేవి. మామ అరవడానికి ఏమీ దొరక్క, అన్నం తిని నోరు మూసుకుని లేచేవాడు. అత్త చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉండటం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చూడలేకపోయాను.

ఒక మధ్యాహ్నం నా రంగు సీసాలూ చీరా తెచ్చి, నడిమింట్లో టేబులు ఉండిన చోటే నేల మీద పరిచి కూర్చున్నాను. వీధి తలుపు బార్లా తీసే ఉంది. మొదటి తామర వంకర పోయింది. మామ తోటలోంచి వచ్చాడు. గడపలో ఆగాడు. నేను తలెత్తలేదు. రెండో తామరకు కాడ గీస్తూ పోయాను. ఆయన పంచె పైకెత్తి పట్టుకుని, రంగు తొక్కకుండా గోడ వారగా చీరను దాటుకుని లోపలికెళ్లాడు. నీళ్లు తాగి, అలాగే దాటుకుని బయటికి వెళ్లాడు.

వంటింట్లోంచి అత్త వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఆకు మీద నీటిచుక్క లేదే."

"పెట్టలేదత్తా."

"పెట్టు. లేకపోతే అది తామరాకని ఎవురికి తెలుస్తాది?"

చుక్క పెడుతుంటే బయట బరబరా ఈడుస్తున్న చప్పుడు. మామ ఒక్కడే ఆ టేబులును లాక్కొస్తున్నాడు. గడప దగ్గర పెట్టి, ఆయాసపడుతూ గోడ వైపు చూసి అన్నాడు. "కోడలు నేల మీద కూసుంటే నడుం పోతాది. పిల్లకోసరం తెచ్చినా."

అత్త ఆయన వైపు తిరగలేదు. "కోడలికోసరమైతే సరే. ఆ కిటికీ కాడ పెట్టు."

సాయంత్రానికి సగం టేబులు నిండా గూళ్లున్నాయి. రాత్రి భోజనాల దగ్గర మామ గట్టిగా అరిచాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. చివరి రోజుల్లో అత్త చేతులు వణికి కత్తెర పట్టలేకపోయేది. నేను బొమ్మ వేస్తుంటే చీర అంచు బిగించి పట్టుకుని, ఊపిరున్నంతవరకూ తప్పులు పట్టింది. నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలు ఎప్పుడూ ఒకే మాట అంటారు. ఇంట్లో చోటు లేదు మేడం, అందరికీ అడ్డమంటారు, ఎక్కడో ఒక మూల కూర్చుని చేసుకుంటాం అని. నేను ఒప్పుకోను. పోయి నడిమింట్లో పరుచుకుని కూర్చోమంటాను. మొదట్లో ఇంట్లోవాళ్లు అరుస్తారు, ఒకరిద్దరు తొక్కుతారు కూడా. తర్వాత దాటుకుని పోవడం వాళ్లే నేర్చుకుంటారు.