కొరడా పిడితో విన్న ఇంజిన్

కిర్గిజ్ కొండల కింది కారా-బాల్టాలో మెకానిక్ బురుల్ షెడ్డుకు బోర్డు లేదు. కనుమ దారి మొదలయ్యే చోట, పెట్రోలు బంకు దాటాక రెండు పాత ట్రాక్టరు చక్రాలు నిలబెట్టి ఉంటాయి. అదే షెడ్డు.

ముప్పై ఆరేళ్లుగా ఆమె అక్కడ ఇంజిన్లు వింటోంది. ముందు వినడం, తర్వాతే విప్పడం. తండ్రి గుర్రపు కొరడాకు తోలు ఎప్పుడో ఊడిపోయింది, తబిల్గి అనే గట్టి కొండపొద కర్రతో చేసిన పిడి మాత్రం రాయిలా మిగిలింది. దాని ఒక కొస ఇంజిన్‌కు, రెండో కొస చెవికి ఆనించి కళ్లు మూసుకుంటుంది. "మూడో సిలిండరు" అంటుంది. విప్పి చూస్తే మూడో సిలిండరే.

ఈ పని ఆమెకు ఎగతాళిగా దొరికింది. ట్రాక్టర్ల స్టేషనులో చేరిన కొత్తలో ఫోర్‌మన్, "పిల్లా, స్పానర్ నీకు బరువు, కర్ర పట్టుకుని నిలబడు" అన్నాడు. నిలబడింది. ఏడాది తిరిగేసరికి ఫోర్‌మనే ఆమె కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ ఆమె పదిమందిలో అంటూ వచ్చిన మాట ఒకటుంది: "నాకింగ్ ఒక్కటి నా చెవి దాటిపోయిన రోజున షెడ్డుకు తాళం వేసేస్తా."

ఈ వసంతంలో ఆమెకు కెటిల్ ఈల వినబడటం మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

జూన్‌లో ఎసెన్‌కుల్ వచ్చాడు. కనుమ అవతలి తలాస్‌కు ఏడుగురిని ఎక్కించుకుని తిప్పే జపాన్ వ్యాను అతనిది. ముందు సీటు ఎత్తితే దాని కిందే ఇంజిన్.

"అక్కా, కనుమ ఎక్కేటప్పుడు పికప్ చచ్చిపోతోంది. మొన్న కనుమ పైనున్న సొరంగానికి నాలుగు మలుపుల ముందు జనాన్ని దింపి నడిపించా. ఒక ముసలాయన నాకంటే ముందు పైకి చేరి, రారా రమ్మని చెయ్యూపాడు."

పక్క షెడ్డు మెలిస్ బండి కంప్యూటరును చదివే స్కానర్ తెచ్చి తగిలించాడు. నలభై ఏళ్లవాడు, ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. "నాకింగ్ అంటోంది" అన్నాడు.

లోపల మంట వేళ తప్పి పేలితే ఇంజిన్ టక్‌మంటుంది, అదే నాకింగ్. దాని ఒంటికి బిగించిన నాక్ సెన్సర్ ఆ చప్పుడు విని కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది గానీ బలం తగ్గుతుంది.

"సెన్సర్ ఇప్పటికి రెండుసార్లు మార్పించా. మంచి పెట్రోలే పోస్తున్నా" అన్నాడు ఎసెన్‌కుల్.

బురుల్ పిడి ఆనించి చాలాసేపు విన్నది. ఏమీ లేదు. సెన్సర్ విప్పి చూసింది. దాని కింద చప్పుడుకు అడ్డుపడే రంగూ తుప్పూ లేవు, ఎవరూ వాషర్ వేయలేదు. బిగువు కొలిచే స్పానర్‌తో తిరిగి బిగించింది. బిగువు ఎక్కువైతే అది ప్రతి చప్పుడూ కేకలా వింటుంది, తక్కువైతే చెవిటిదైపోతుంది. చిన్న సుత్తితో ఇంజిన్ పక్కన తట్టింది. స్కానర్‌లో నిప్పురవ్వ టైమింగ్ వెంటనే వెనక్కి జరిగింది.

"వింటోందక్కా. చెవి బాగానే ఉంది" అన్నాడు మెలిస్, సెన్సర్ గురించి.

బురుల్ సుత్తి పక్కన పెట్టింది. సెన్సర్‌కు వినబడుతున్నదేమిటి? తనకెందుకు వినబడటం లేదు? ఆ రెండు ప్రశ్నలూ ఆమెను నిద్ర దాకా వెంటాడాయి.

"షెడ్డులో ఏం తేలదు, రేపు ముగ్గురం కనుమ ఎక్కుదాం" అంది మర్నాడు ఇద్దరితో.

మొదటి మలుపుల్లో బండి బాగానే ఎక్కింది. హిమం కరిగిన నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారుతున్న చోట నీరసపడింది. వెనక సీట్లోంచి మెలిస్, "అదిగో, సెన్సర్ గట్టిగా చెబుతోంది. వినబడుతోందా అక్కా?" అన్నాడు.

ఆమెకు గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. అద్దంలో మెలిస్ చూపు తప్పించుకుంది.

"పక్కకు ఆపు. ఇంజిన్ ఆపకు, న్యూట్రల్‌లో రేజు చేస్తూ ఉండు."

ఆపాడు. మెలిస్ స్కానర్‌ను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఇదేంటి, ఇప్పుడూ చెబుతోంది. బరువు లాగని ఇంజిన్‌కు నాకింగ్ ఏంటి?"

బురుల్ ముందు సీటు ఎత్తి, పిడి కొస ఇంజిన్‌కు ఆనించింది. చెవితో విన్నది. లేదు. ఇంకో చెవి. లేదు. అప్పుడు తలగుడ్డ అంచుతో పిడి తుడిచి, రెండో కొసను పళ్ల మధ్య కరిచి పట్టుకుంది. ఎవరూ నేర్పింది కాదు, ఇంకేం చేయాలో తోచక చేసిన పని.

ఇంజిన్ నేరుగా తలలోకి వచ్చింది. నాలుగు సిలిండర్లు వరుసగా, శుభ్రంగా నడుస్తున్నాయి. వాటి వెనక ఇంకో చప్పుడు ఉంది. పలచటి రేకు అదురుతోంది, దాని లోపల ఏదో బరువు తగిలి తొణుకుతోంది. ఏ సిలిండరు లయకూ అది అందటం లేదు.

ఆమె పిడి తీసి డ్రైవరు వైపు తిరిగింది. "ఎసెన్‌కుల్, ఇంజిన్ మీద ఏం వండుతున్నావు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "షోర్పో అక్కా, మాంసం చారు."

"ఎక్కడ?"

"అవతలి పక్క, పొగ గొట్టం మీద. సైడు బోల్టుకు రేకు బిగించి డబ్బా కట్టుకున్నా. కడుపులో పుండుందన్నాడు డాక్టరు, హోటలు కారం తినొద్దన్నాడు. సొరంగం దగ్గరపడేసరికి మాంసం మెత్తగా ఉడుకుతుంది."

ఆ బోల్టు సెన్సర్‌కు జానెడు దూరంలో ఉంది. రేకు అదురునే అది నాకింగ్ అనుకుంటోంది.

"మరి షెడ్డుకు వచ్చినప్పుడల్లా కనబడలేదేం?" అన్నాడు మెలిస్.

"అక్క ముందుకు ఇంజిన్‌లో కుండ పెట్టుకుని వస్తానా? బావుండదని విప్పేసి వచ్చేవాణ్ణి, రేకుతో సహా."

"ఇవాళ?"

"ఇవాళ మీరిద్దరూ నాతో వస్తున్నారుగా! భోజనం లేకుండా ఎలా తీసుకెళ్తాను? ముగ్గురికీ పెట్టించా."

మెలిస్ రోడ్డు పక్కన కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. డబ్బా దించారు, రేకు విప్పారు. రాతి మీద కూర్చుని రొట్టె తుంచి షోర్పోలో అద్దుకు తిన్నారు. మాంసం నిజంగానే మెత్తగా ఉంది. తర్వాత బండి సొరంగం మొదలు దాకా ఎక్కడా ఆగలేదు, స్కానర్ నోరెత్తలేదు.

దిగి వస్తుండగా బురుల్, "నా చెవులు పోయాయి మెలిస్" అంది.

"తెలుసక్కా. కెటిల్ మాడ్చిన రోజే తెలుసు."

"చెప్పలేదేం?"

"మీరు తాళం వేసేస్తారని."

ఆమె పిడిని ఒళ్లోకి తీసుకుంది. "నాకింగ్ దాటిపోలేదుగా" అంది. "అసలది లేదని తేల్చింది నేనే."

గురువారం ఆమెకు ఆసుపత్రిలో పని ఉంది. కింది పళ్లు కదులుతున్నాయని, అన్నీ పీకి కొత్త సెట్టు పెడతానని పళ్ల డాక్టరమ్మ చలికాలం నుంచీ పోరుతుంటే ఎట్టకేలకు ఒప్పుకుంది. వెళ్లింది గానీ కుర్చీ ఎక్కలేదు.

"పీకొద్దమ్మా. కదిలేవాటిని గట్టిపరుచు, చాలు."

"కొత్త సెట్టుతో మాంసం హాయిగా నమలొచ్చు కదా అక్కా?"

"నమలడానికి కాదు. వీటితో పని చేసుకుంటున్నా." సంచిలోంచి పిడి తీసి ఇచ్చింది. కొసన పళ్ల గాట్లు కొత్తగా, తెల్లగా ఉన్నాయి.

సంగతంతా విన్నాక డాక్టరమ్మ పిడిని దీపం కిందికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూసింది. పట్టకారు పక్కన పెట్టేసింది.

"ఏ పంటితో బాగా వినబడుతుంది?"

"ఎడమ పక్క బంగారుది" అంది బురుల్, నోరు తెరుస్తూ. "ముందు దాన్ని చూడు."