అవతలివాళ్ల బాధ ముందు

పెద్దమామ పోయాడని కడప ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి నేను జమ్మలమడుగులో అత్తగారింటి వాకిలి కడుగుతున్నాను. బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయాను, మళ్లీ బయటికొచ్చాను. ఆ రోజు నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

ఆయన మా మామకు అన్న. రెండుసార్లు ఎమ్మెల్యే. తర్వాత పోటీ మానుకుని, పోట్లాడుకునే దేశాల మధ్య రాజీ మాట్లాడే పనిలో చేరాడు. అక్కడ ఎట్లా కూర్చునేవాడో నేను చూడలేదు. ఇంటికి ఏ తగువు వచ్చినా మాత్రం చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవాడు. "తొందరున్నోని మాట ఎవురూ నమ్మరు" అనేవాడు. ఎవరైనా తమ బాధ మొదలుపెడితే ఆపేవాడు. ముందు అవతలివాళ్ల బాధ చెప్పాలి. వాళ్లు "అవును, అదే" అన్నాకే మన వంతు. ఏ దేశంలోనైనా తన పద్ధతి అదేనట.

మొన్నటి ఎన్నికల్లో పులివెందుల దగ్గర మా పుట్టింటి ఊళ్లో మా నాయన, అత్తింటివాళ్లకు అవతలి పార్టీ తరఫున పోలింగు ఏజెంటుగా కూర్చున్నాడు. మా ఆయన పదిమందిలో "నా గడప తొక్కొద్దు" అన్నాడు. అప్పటినుంచి నాకు పుట్టిల్లు లేదు. నా బిడ్డను మా అమ్మ ఇంకా చూడలేదు.

పోయిన నెల పెద్దమామ నన్నూ వెంటబెట్టుకుపోయి, మా నాయననూ మా ఆయననూ ప్రొద్దుటూరులో తెలిసినవాళ్ల బట్టల అంగడి మేడమీద కూర్చోబెట్టాడు.

"దేశాలు కలిపినావంట. మా ఇద్దరికి ఇంత తిప్పలేంది బావా?" అన్నాడు నాయన.

"దేశాలే నయం. వాటి మధ్య గెట్టుంటాది, ఎవురి హద్దు వాళ్లకు తెలుస్తాది. మీ మధ్య ఈ పిల్ల ఉండాది."

నాయన బాధ తన నోటితో చెప్పడానికి మా ఆయనకు మీసం అడ్డమొచ్చింది. ఇంకో ఆదివారం కూర్చుందామన్నాడు పెద్దమామ.

తిరిగొస్తుంటే కారులో నాతో అన్నాడు: "ఓట్ల కోసం ఊర్లను రెండు చేసినోళ్లలో నేనూ ఒకణ్ణి. యాడ తిరిగితే ఆ పాపం పోతాది? నువ్వేమనుకుంటాండావమ్మీ?"

ఆ ఇంట్లో నన్ను అట్లా అడిగింది ఆయనొక్కడే. నేను తల వంచుకున్నాను. అడిగినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆ ఆదివారం రాకముందే ఆయన పోయాడు.

మూడోరోజు నాయన వచ్చాడు. షామియానా కిందే మా మామను పలకరించి, గడప తొక్కకుండా వెనక్కి తిరిగాడు. నేను పోయి మా ఆయనకు ఎదురుగా నిలబడ్డాను.

"ఆదివారం చెప్పాల్సింది ఇప్పుడు చెప్పు," అన్నాను మా ఆయనతో. మగవాళ్ల ముందు నేను నోరు తెరవడం అదే మొదలు.

ఆయన నేల చూస్తూ అన్నాడు: "మామా, నీ బాధ ఏందంటే... పదిమందిలో నిన్ను గడప తొక్కొద్దన్న్యా."

"అది సగమే," అన్నాడు నాయన.

"నీ బిడ్డను పంపీలే."

నాయన అవుననలేదు. చెప్పులో పెట్టిన కాలు మళ్లీ బయటికి తీసి, మా ఆయన వైపు తిరిగి నిలబడ్డాడు.