అక్రమం లేని గుండెలు

పోయిన వారం గవర్నర్‌పేటలో ఒక ఆసుపత్రిలో, గుండె డాక్టరుగారి గది ముందు బెంచీ మీద నా వంతు కోసం కూర్చుని ఉండగా, మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి టాబ్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. గుండె లయ తప్పే జబ్బు మీద పరిశోధన జరుగుతోందనీ, నాకిష్టమైతేనే చేరవచ్చుననీ వినయంగా చెప్పి, తెర మీద చూస్తూ చదివింది: "దంపుడులో రోకలి పోటు తప్పినట్టు, మీ గుండె అప్పుడప్పుడు తప్పుతున్నట్టు అనిపిస్తుందా? అవును, కాదు, తెలియదు." నాకు డెబ్బై రెండేళ్లు. నా గుండె నిజంగానే తప్పుతోంది, అందుకే అక్కడ కూర్చున్నాను. కానీ ఆ ప్రశ్న విన్నప్పుడు తప్పిన పోటు మాత్రం జబ్బు వల్ల కాదు. ఆ మాట మా మేనత్తది. దాన్ని కాగితం మీదికి ఎక్కించింది నేను, ఎక్కించినందుకు నాకు ఎంతో ఇష్టమైన పని పోగొట్టుకున్నదీ నేనే.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా రోజుల్లో గుండె జబ్బంటే గుండెపోటు ఒక్కటే. మనిషి ఛాతీ పట్టుకుని కూలిపోతేనే జబ్బు. గుండె వరస తప్పి కొట్టుకోవడం, పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతూ ఉండటం, అక్కడ నిలిచిన నెత్తురు గడ్డకట్టి ఆ ముక్క మెదడుకెక్కి కాలూ చెయ్యీ పడిపోవడం, ఇదంతా డాక్టర్లకు తెలుసు గానీ జనానికి తెలియదు. దానికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని పేరు. నోరు తిరగక మేము ఏఎఫ్ అనేవాళ్లం. నేను నర్సు చదువు ముగించి ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మన డెల్టా పల్లెల్లో ఈ జబ్బును ముందే పట్టుకుని నెత్తురు పలచన చేసే మందు ఇస్తే పక్షవాతం ఎంతవరకు తప్పుతుందో తేల్చాలని మా ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఊళ్లు తిరిగి ప్రశ్నలు అడిగే పని నాకు ఇచ్చారు. నేల మీద కాలు నిలవలేదు నాకు.

పెద్ద డాక్టరుగారు దొడ్డ మనిషి, పైగా తెలుగంటే ప్రాణం. మందుల చీటీ మీద "భోజనానంతరం" అని రాసే డాక్టరును నేను మళ్లీ చూడలేదు. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో వస్తే, నిఘంటువు ముందేసుకుని వారం రోజులు కూర్చుని స్వయంగా తెనిగించారు. మొదటి ప్రశ్న ఇది: "మీ హృదయ స్పందనలో అక్రమత ఉన్నదా?" క్రమం లేకపోవడం అక్రమత, నిఘంటువు ప్రకారం తప్పు పట్టడానికి లేదు. అవునన్న వాళ్లకే ఈసీజీ తీయాలి, ఎందుకంటే మిషను ఒక్కటే. ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఒక్క మాట కలపకూడదు, వివరించకూడదు. అందరినీ ఒకేలా అడగకపోతే ఫలితం తారుమారవుతుందని, పరిశోధన ఆఫీసు నుంచి వచ్చిన పర్యవేక్షకుడుగారు ఆ నియమం మా చేత అప్పజెప్పించుకున్నారు. నియమం మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను.

మొదటి శిబిరం కంకిపాడు దగ్గర మా మేనత్త వాళ్ల ఊళ్లో పెట్టారు. అమ్మ పోయాక నన్ను పెంచి, నాట్లకూ కోతలకూ వెళ్లి నన్ను నర్సును చేసింది ఆ అత్తే. ఊరి చర్చి ముందు రేకుల షెడ్డులో బల్లలు వేశాం. ఇక మీరే ఊహించుకోండి. మా చర్చి వాళ్ల చెవికి అక్రమం అంటే వేరే అర్థం లేదు. ప్రతి ఆదివారం పాస్టరుగారి నోట వినే మాట అది, పాపానికి పెద్దన్న. ఆ షెడ్డులోనే, ఆ బల్ల వెనకాలే, తెల్లచీర కట్టుకుని కూర్చుని నేను ఒక్కొక్కరినీ పిలిచి హృదయంలో అక్రమం ఉందా అని అడుగుతున్నాను! ఆడవాళ్లు కొంగు తల మీదికి లాక్కుని లేదమ్మా, లేదమ్మా అన్నారు. ఒక ముసలాయన మాత్రం తల వంచుకుని, కుర్రతనంలో పక్కవాడి పొలం గట్టు జానెడు జరిపానని ఒప్పేసుకున్నాడు. ఆయనకు ఈసీజీ తీస్తే గుండె రాయిలా ఉంది.

మా అత్త వంతు వచ్చింది. "ఏంటే, నన్నే అడుగుతున్నావా ఆ మాట? నిన్ను పెంచిన గుండెలో అక్రమమా?" అని అందరి ముందూ గయ్యిమంది. ఆమె వెనకే పక్కింటావిడ. నాట్లలోనూ, పండక్కి పిండి దంచడంలోనూ అత్తకు జోడీ ఆవిడ. "నాక్కూడా లేదమ్మా, రాసుకో" అంది. నేను నవ్వాపుకుంటూ రెండు కాగితాల మీదా "లేదు" అని రాసి, దణ్ణం పెట్టి ఇద్దరినీ పంపేశాను.

మూడు వారాలకు, నాటు వేస్తూ వేస్తూ పక్కింటావిడ బురదలో ఒరిగిపోయింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట ముద్దయింది. మా ఆసుపత్రికే తీసుకొచ్చారు. ఈసీజీ తీస్తే ఏఎఫ్. నేను కట్ట విప్పి ఆమె కాగితం వెతికాను. "లేదు" అని ఉంది, గుండ్రంగా, ముచ్చటగా, నా చేతిరాతలో.

తోడు వచ్చిన అత్త వరండాలో కూలబడి ఏడుస్తోంది. ఓదారుద్దామని చెయ్యి పట్టుకుంటే, అలవాటు కొద్దీ నా వేళ్లు నాడి మీదికి వెళ్లాయి. రెండు కొట్టి ఆగింది, గబగబా నాలుగు కొట్టింది, మళ్లీ ఆగింది. లోపల ఎలా ఉంటుందత్తా నీకు అని, ప్రశ్నపత్రం మర్చిపోయి, మేనకోడలిగా అడిగాను.

"ఎప్పట్నించో ఉందే. ఇద్దరం దంచుతుంటే ఒక్కోసారి దాని రోకలి పోటు తప్పుద్ది చూడూ, నాది ఒట్టి రోట్లో పడుద్ది. అట్టా ఉంటది. దానికీ అంతే. ఇద్దరం చెప్పుకుని నవ్వుకునేవాళ్లం."

"మరి ఆ రోజు లేదన్నావేం?"

"నువ్వు అది అడిగావా?"

అత్త కాగితం తీసి, దాని అంచున, గీత అవతల, ఆమె మాట ఆమె అన్నట్టే రాశాను. మర్నాడు పర్యవేక్షకుడుగారు చూసి మండిపడ్డారు. మీ మేనత్తకు వైద్యం చేయించుకోండి, అది వేరే సంగతి, పరిశోధనలో ఆమె జవాబు "లేదు" అనే ఉంటుంది, మిగతా కట్ట మీద జవాబులన్నీ సరైనవని సంతకం పెట్టండి అన్నారు. "పెట్టనండీ" అన్నాను. పెద్దవాళ్ల ముందు గొంతెత్తడం ఎరగని దాన్ని, అయినా మాట మార్చలేదు. ఆ కట్టలో ఉన్న ప్రతి "లేదు" వెనకా ఒక మనిషి ఉంది, రేపో ఎల్లుండో పొలంలో ఒరిగిపోవడానికి. వాళ్లు అబద్ధం చెప్పలేదు. మేము అడగలేదు.

ఆ ఆదివారం ఎవరి అనుమతీ లేకుండా బస్సెక్కి వెళ్లాను. ఆరాధన అయిపోయి జనం లేస్తుండగా మా అత్త గుమ్మానికి అడ్డం నిలబడి, "పాపం సంగతి కాదర్రా ఇది అడిగేది, రోకలి సంగతి!" అని కేకేసింది. అంతే, మాటలు కట్ట తెగినట్టు వచ్చాయి. నాకూ ఉంది, నాకూ ఉంది అంటూ ఆడవాళ్లు చేతులు చాపారు. ఒక్కో నాడీ నిండా ఒక నిమిషం పట్టుకుని చూశాను. అనుమానం తోచిన తొమ్మిది మందిని మర్నాడు పొద్దున్నే బందరు రోడ్డు బస్సెక్కించి పెద్ద డాక్టరుగారి గది ముందు నిలబెట్టాను. మా అత్తతో కలిపి ఆరుగురికి ఏఎఫ్ తేలింది.

పెద్ద డాక్టరుగారు ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకుని మొదటి ప్రశ్న పైకి చదివారు. "ఇది నేను రాసిందేనమ్మా" అన్నారు, అంతే. ఆ సాయంత్రమే తప్పు తనదేనని పైవాళ్లకు ఉత్తరం రాశారు. ఆమోదం వచ్చాక, అత్త మాటే మొదటి ప్రశ్నగా అచ్చయి, ఊళ్లన్నీ మళ్లీ మొదటి నుంచి తిరిగారు. తిరిగిన వాళ్లలో నేను లేను. నియమం దాటినందుకు నన్ను వార్డుకు మార్చారు; క్షమాపణ పత్రం రాసిస్తే వెనక్కి తీసుకుంటామన్నారు. రాయలేదు. ఇప్పుడడిగినా రాయను.

మా అత్త నెత్తురు పలచన చేసే ఆ మాత్రలు వేసుకుంటూ, నెలనెలా నెత్తురు పరీక్షకు వస్తూ, మందు పని చెడకుండా ఆకుకూరలు ఎప్పుడూ ఒకే పాళంలో తినమన్న నన్ను శాపనార్థాలు పెడుతూ ఎనభై దాటేదాకా బతికింది. పక్కింటావిడ ఎడమ చేత్తోనే అన్నీ చేసుకుంటూ పదకొండేళ్లు ఉంది. నేను వెళ్లినప్పుడల్లా, నాకు చదువు లేక అర్థం కాలేదమ్మా, నీ తప్పేముంది అనేది. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చేది కాదు, కోపం వచ్చేది. చదువు లేనిది ఆమెకు కాదు. ఆమె భాష చదువుకోనిది మేము.

ఇదంతా ఆ టాబ్ అమ్మాయికి చెప్పలేదు. ఒకటే అడిగాను, రోకలంటే ఏంటో తెలుసా అని. సిగ్గుపడింది. "తెలీదండీ. ఉన్నది ఉన్నట్టు చదవమన్నారు." నాకు నవ్వూ వచ్చింది, గుండె కలుక్కుమంది కూడా. మా అత్త మాటకు, ఆనాటి అక్రమతకు పట్టిన గతే పట్టింది. రోళ్లు పోయాయి, దంచిన చేతులూ పోయాయి, ఆ మాట ఒక్కటే ఎవరికీ అందకుండా తెర మీద మిగిలింది. నా అవతల కూర్చున్న ముప్ఫై ఏళ్ల ఆవిణ్ణి, నీకెలా ఉంటుందమ్మా అని అడిగాను. "ఛాతీలో ఫోను వైబ్రేషన్‌లో పెట్టినట్టుంటదండీ, తీద్దామనుకునేసరికి ఆగిపోద్ది" అంది. ఇందాక ఈ ప్రశ్నకు ఏం చెప్పావంటే, అర్థంకాక కాదన్నానంది.

అది రాసుకోమని టాబ్ అమ్మాయితో అన్నాను. రాయడానికి చోటు లేదండీ, అవును కాదు తెలియదు అంతే అంది ఆ అమ్మాయి. నిజమే. మా కాగితాలకు చుట్టూ తెల్లటి అంచు ఉండేది, అడగని మాట ఎవరైనా చెప్తే రాసుకోవడానికి. తెరకు అది లేదు. ఇన్నేళ్లలో మారిందేమిటని ఎవరైనా అడిగితే నాకు తోచేది అదొక్కటే. నేను మందుల చీటీ వెనక్కి తిప్పి, కలంతో సహా ఆమె చేతిలో పెట్టి, ఇది నీ పైవాళ్లకు చేరుస్తానంటేనే నీ పరిశోధనలో చేరతానని చెప్పాను. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, టాబ్ బోర్లా పెట్టి, నా అవతల ఉన్న ఆవిడ వైపు వంగింది.

"అక్కా, మీరేమన్నారో ఇంకొక్కసారి చెప్తారా?"

ఆ ఒక్క మాట అడగడానికి ఆ రోజుల్లో నాకు మూడు వారాలు పట్టింది.