వెనక గది చూసిన ఆంటీ

ఆంటీ పోయారని గురువారం పొద్దున వాట్సాప్ గ్రూపులో చూశాను. నమ్మలేదు. వాళ్ళమ్మాయికి ఫోన్ చేసి, నిజమేనని విన్నాకే నమ్మాను. విన్నది విన్నట్టు నమ్మకూడదని నాకు నేర్పింది ఆవిడే.

షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో మా చిన్న ఆఫీసుకి ఆవిడే బాస్. పేరు పెట్టి పిలవమన్నారు గానీ నాకు నోరు రాక మొదటి రోజే ఆంటీ అనేశాను. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు సొంతిళ్ళు సమకూర్చే పథకాలు నిజంగా పనిచేస్తున్నాయో లేదో చూసి రిపోర్టు రాయడం మా పని. నా డ్రాఫ్టులో "చాలామంది" అన్న మాట కనబడితే చాలు, "ఎవరా చాలామంది? నువ్వు కలిశావా?" అనేవారు. నన్నే అనుమానిస్తున్నారని లోపల ఉడుక్కునేవాణ్ణి.

ఓసారి దక్షిణ ఇల్లినాయిస్‌లో ఒక ఊరికి వెళ్ళాం. అక్కడ కొన్ని కుటుంబాలు ఒక సంస్థ సాయంతో, ఒకరి ఇంటికి ఒకరు పనిచేసి, తమ ఇళ్ళు తామే కట్టుకున్నాయి. సంస్థ మనిషి మమ్మల్ని ఇంటింటికీ తిప్పాడు. అందరూ చాలా సంతోషంగా ఉన్నామన్నారు. నేను అదే రాసుకున్నాను.

"అందరిదీ ఒకటే మాట, గమనించావా?" అన్నారు ఆంటీ కార్లో. "అతను పక్కనుంటే ఇంకేం చెప్తారు? రేపు మనిద్దరమే వద్దాం."

మర్నాడు, ముసలివాళ్ళని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో వంట చేసే ఒకావిడ ఇంట్లో, వెనక పడగ్గది చూడొచ్చా అని అడిగారు ఆంటీ. ఆవిడ తటపటాయించి తలుపు తీసింది. మంచం వెనక గోడంతా తడి, కిందివైపు నల్లగా బూజు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి చలికాలం నుంచి. పాపకి దగ్గు తగ్గట్లేదు. ఈ గోడ నేనే నిలబెట్టాను, నాకు పని సరిగా రాలేదేమో. ఎవరితో చెప్పను?"

ఆ వీధిలో పల్లంవైపు ఇళ్ళన్నిటిలోనూ అదే తడి. ప్రతివాళ్ళూ తప్పు తమదేననుకుని పక్కింటివాళ్ళకి కూడా తెలియనివ్వలేదు. మెరకమీది ఇళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. ఆంటీ మళ్ళీ ఆ వంటావిడ ఇంటికి వెళ్ళి, "మీ పనిలో లోపం లేదమ్మా, మీకిచ్చిన స్థలంలో ఉంది" అన్నారు. ఆవిడ గడపలోనే కూర్చుండిపోయింది.

మాకు ఈ పని అప్పగించింది ఆ సంస్థవాళ్ళే; ఆ సంగతి రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో పెట్టమన్నారు. "పెడదాం ఆంటీ, లేకపోతే మళ్ళీ కాంట్రాక్ట్ ఇవ్వరు" అన్నాను.

"ఇది నీ మాటా, వాళ్ళ మాటా?" అన్నారు ఆంటీ. మొదటి పేజీలోనే పెట్టారు.

వాళ్ళు మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. ఏడాది తిరిగేలోపు మాత్రం పల్లంవైపు కాలువ తవ్వించి, తడి గోడలు మార్పించారు. మన రిపోర్టు వల్లేనని నేను పొంగిపోతే, "ఎవరో కోర్టుకెళ్తామని ఉంటారు, కనుక్కో" అన్నారు ఆంటీ. కనుక్కున్నాను. ఎవరూ అలా అనలేదట. ఆ మాట చెప్పినా ఆవిడ పూర్తిగా నమ్మలేదు.

ఆంటీని కడసారి చూడ్డానికి ఆ నర్సింగ్ హోమ్ ఆవిడ కూడా వచ్చింది. షిఫ్టు నుంచి సరాసరి డ్రైవ్ చేసుకొచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. శవపేటిక మీదికి వంగి ఆంటీ చెవిలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాటలు ఎంతకీ అవలేదు. వెనక వరుసలోని జనం పూలు పట్టుకుని, కదలకుండా, అలాగే నిలబడ్డారు.