గుర్తుపట్టారా?

సౌదీలో విదేశీ ఉద్యోగుల కుటుంబాల మీద తలకింత అని నెలనెలా కట్టే లెవీ పడ్డ ఏడాది, జెద్దా నుంచి తాయిఫ్ వెళ్లే బస్సులో, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కెనడా చరిత్ర చదువుతున్నాను. భార్యనూ చంటిబిడ్డనూ అప్పుడే ఇండియా విమానం ఎక్కించి వస్తున్న కరీంనగర్ మనిషి నా పక్కన కూర్చున్నాడు.

"ఏమున్నదన్నా అండ్ల?"

ఉత్సాహంగా చెప్పాను. చైనా కూలీలు అక్కడ కొండలు తొలిచి రైలుమార్గం వేశారు. పని అయ్యాక, కొత్తగా వచ్చే చైనావాళ్ల మీద తలపన్ను వేశారు. అది కట్టలేక ఎందరి భార్యాపిల్లలో ఏళ్లకేళ్లు ఊళ్లోనే ఉండిపోయారు.

"మన లెక్కనే," అని నవ్వాడు. "మల్ల కలిసినంక పిల్లలు నాయినను గుర్తువట్టిన్రా?" అన్నాడు.

బస్సు ఘాట్ రోడ్డు ఎక్కినంతసేపూ పేజీలు తిప్పాను. తాయిఫ్‌లో దిగేటప్పుడు, "దొరికిందా అన్నా?" అని అడిగాడు.

ఇప్పటికీ ఏ దేశ చరిత్ర తెరిచినా ముందు అదే వెతుకుతాను.