ఆగి ఆగి నడిచిన కారు ఆట

నేను ఏడో తరగతి చదివే రోజుల్లో మా ఇంట్లో ఒక కారు ఉండేది... రెండు బారలు పరిగెత్తి ఆగేది, మళ్ళీ రెండు బారలు పరిగెత్తి ఆగేది. నిజం కారు కాదండీ... కంప్యూటర్ ఆటలో కారు!

మాది విశాఖ మన్యంలోని డుంబ్రిగుడ. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడ కొట్టు పెట్టారు. కొండ మీంచి గిరిజన రైతులు తెచ్చే పసుపు, పిప్పళ్ళు, చింతపండు కొనేవారు. సంత రోజు కొట్టు ముందు నిలబడటానికి చోటుండేది కాదు. మర్నాటి నుంచి వీధిలో మంచు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు... నా క్లాసు పిల్లలంతా హాస్టల్లో ఉండేవారు. బడి గంట కొట్టగానే వాళ్ళందరూ అటు, నేనొక్కదాన్నీ ఇటు.

అన్నయ్య ఇంటర్ చదవడానికి విశాఖ హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. మూసేస్తున్న ఓ ఇంటర్నెట్ సెంటర్‌లో నాన్న కొన్న పాత కంప్యూటర్‌ని నాకు అప్పగించి వెళ్ళాడు. కొట్టు వెనక సరుకు గదిలో, పసుపు బస్తాల పక్కన ఉండేది అది. అన్నయ్య ఉన్నప్పుడు ఒకే కీబోర్డు మీద చెరో వైపు కూర్చుని ఆడేవాళ్ళం... నా మోచెయ్యి నెట్టేసి మరీ గెలిచేవాడు.

వాడు వెళ్ళిన రెండు నెలలకే ఆటకి నత్తి పట్టింది.

ఆదివారం పొద్దున్న హాస్టల్ కాయిన్ బాక్స్ నుంచి మా కొట్టు ఫోన్‌కి చేసేవాడు. అన్నయ్యది మొదట్నుంచీ తక్కువ మాట. "తిన్నావా, సదూతన్నావా"... అంతే, ఫోన్ అమ్మకి వెళ్ళిపోయేది. కానీ ఆ ఆదివారం నేను "కారు ఆగి ఆగి ఎల్తందన్నయ్యా" అన్నాను... వాడి గొంతే మారిపోయింది.

"ఏటి? ఎప్పట్నించి? సెట్టింగ్స్‌లోకెల్లి నీడలు తీసీ. బేగి రాసుకో."

రాసుకున్నాను. ఆటలో బొమ్మలు తగ్గితే కంప్యూటర్‌కి బరువు తగ్గుతుందట. నోట్‌బుక్కులో వెనక పేజీ నుంచి మొదలుపెట్టాను. ఒక ఆదివారం నీడలు తీసేశాను. తర్వాతి ఆదివారం చెట్లు. ఆ తర్వాత రోడ్డు పక్కన చప్పట్లు కొట్టే జనం... చివరికి బూడిదరంగు రోడ్డు మీద నా కారొక్కటే మిగిలింది. అయినా ఆగుతూనే ఉంది.

"ఊరంతా కాళీ సేసేసావు కదే గుంటా!" అని నవ్వాడు అన్నయ్య. "సరే... కంప్యూటర్ పక్క రేకు విప్పి లోపల ఫ్యాను తిరుగుతందో లేదో సూడు."

నాన్న స్క్రూడ్రైవర్‌తో రేకు విప్పాను. లోపలంతా పచ్చగా... ఫ్యాను రెక్కల మీద వేలి మందాన పసుపు! సంత తర్వాత బస్తాలు దులిపిన ప్రతిసారీ ఆ పొడంతా అక్కడికే చేరింది. పైగా "మంచుకి సెమ్మెక్కి పోద్ది" అని అమ్మ దానికి రోజూ దుప్పటి కప్పేది, నేను ఆడుతున్నప్పుడు కూడా! పాపం, ఊపిరాడక అలిసిపోయింది. తక్కెడ తుడిచే బ్రష్షుతో రెక్క రెక్కా దులిపాను, దుప్పటి తీసేశాను.

కారు దూసుకుపోయింది! గట్టిగా కేక పెట్టి వెనక్కి తిరిగాను... బస్తాలే ఉన్నాయి.

ఆదివారం ఫోన్ మొదటి మోతకే ఎత్తాను. "బాగైపోయిందన్నయ్యా! పసుపు!"

"హమ్మయ్య. సరే, అమ్మకియ్యి."

తర్వాతి ఆదివారం... "ఏటే, కారు బాగా ఎల్తందా?"

"ఆఁ..."

"సరే, సదూకో. అమ్మకియ్యి."

ఆ పై ఆదివారమూ అంతే. నేను చెప్పడానికి ఏమీ లేదు, వాడు అడగడానికీ లేదు. నోట్‌బుక్కులో పేజీ ఖాళీగా ఉండిపోయింది.

కారు మళ్ళీ ఆగుతోందని అబద్ధం చెబుదామంటే నాకు రాదు. అందుకే ఒక సాయంత్రం సరుకు గదిలో కూర్చుని నీడలు పెట్టేశాను. చెట్లు పెట్టేశాను. జనాన్నందరినీ వెనక్కి పిలిచాను. అన్నీ ఆఖరి మెట్టు దాకా పెంచేశాను... కారు రెండు బారలు పరిగెత్తి ఆగిపోయింది.

"అన్నయ్యా, మళ్ళీ ఆగిపోతంది!" ఆ మాట నేనెంత సంబరంగా చెప్పానో... పక్కనే నిలబడ్డ అమ్మ నన్ను వింతగా చూసింది. "మళ్ళీ పసుపే అయ్యుంటాది, దులుపుతుండు... నేనొచ్చి సూస్తాను," అన్నాడు వాడు.

మొదటి ఏడాది పరీక్షలయ్యాక అన్నయ్య ఇంటికొచ్చాడు. కోచింగ్ ఉందట, రెండు రోజులు ఉండటానికే వచ్చాడు. రాగానే కాళ్ళు కడుక్కుని నేరుగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రేకు విప్పి చూశాడు... ఫ్యాను తళతళలాడుతోంది. సెట్టింగ్స్ తెరిచాడు. నేను బస్తా కుట్టు దారం లాగుతూ నిలబడ్డాను.

"ఎవర్తే ఇవన్నీ పెట్టింది?"

"నేనే."

అన్నయ్య మౌస్ పట్టుకుని నీడలొక్కటీ తీసేశాడు. కారు కొంచెం నయం, అంతే. అక్కడితో లేచిపోయాడు.

"మిగిలినవి ఫోన్‌లో సెప్తాన్లే," అన్నాడు, నా వైపు చూడకుండా.

వాడు ఇంటర్ ముగించేదాకా, వారానికొకటి చొప్పున, ఏ ఒక్క ఆదివారమూ తప్పకుండా చెప్పాడు. నేనూ బుద్ధిగా రాసుకున్నాను... ఇద్దరికీ తెలిసిన సంగతులే!

ఇప్పుడు నేను పీజీ చదువుతున్నాను. అన్నయ్య చెన్నైలో ఉద్యోగం. ఎప్పుడు కావాలంటే అప్పుడు ముఖాలు చూసుకుని మాట్లాడుకోవచ్చు... కిందటి వారం నా మెసేజ్‌కి బొటనవేలు గుర్తొకటి పంపాడు. నా ల్యాప్‌టాప్‌లో ఏదీ ఆగదు. ఏదైనా ఆగినా వెతికితే అరనిమిషంలో జవాబు దొరుకుతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు.

మీ ఇంట్లో కూడా, ఏదైనా వస్తువు అప్పుడే బాగుపడకూడదని మీరు మనసులో కోరుకున్న రోజులున్నాయా... ఉంటే చెప్పండి, చదవాలని ఉంది.