వంకర టింకర పండగ

ఆ రోజు పొద్దున్న నేను చేసిన తప్పు ఇది. విద్యార్థులు తమ పండగకి రాసిచ్చిన పేరును, వాళ్ళను అడగకుండా, ఫ్లెక్సీ షాపులో కలంతో కొట్టేశాను.

అమలాపురం దగ్గర ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో తెలుగు చెబుతాను. దిద్దడం నా ఉద్యోగం. కాగితం చేతికొస్తే కలం దానంతటదే లేస్తుంది. మా క్యాంపస్‌లో వైకల్యమున్న విద్యార్థులు పదకొండుమంది. ఈ ఏడాది తమ పండగ తామే చేసుకుంటామన్నారు. శాలువాలు వద్దన్నారు, పండ్ల పంపిణీ వద్దన్నారు. ఒక నాటిక, పాటలు, సైగల్లో జోకులు, అంతే. నాకు అప్పగించింది ఫ్లెక్సీ వేయించే పని ఒక్కటే. వాళ్ళు రాసిచ్చిన పేరు ‘వంకర టింకర పండగ’. నేను వేయించింది ‘దివ్యాంగ ప్రతిభా మహోత్సవం’.

మధ్యాహ్నం దాన్ని వేదిక మీద కట్టించి, మెచ్చుకుంటారని నిలబడ్డాను. పలివెల నుంచి వచ్చే ఎం.ఏ. అమ్మాయి చంక కర్రల మీద వచ్చి తలెత్తి చదివింది. పండగంతా నడిపిస్తున్నది ఆమే.

“ఇదెవరి పండగండి మాస్టారూ?”

“మీదేనమ్మా.”

“మరి మా పేరేదండి?”

“వంకర అంటే వచ్చినవాళ్ళు నవ్వుతారమ్మా. కాస్త గౌరవంగా ఉంటుందని...”

“ఆయ్. చిన్నప్పట్నించీ నవ్వుతూనే ఉన్నారండి. బళ్ళో నన్ను ఆ మాటతోనే పిలిచేరు. ఇన్నాళ్ళకి దాన్ని వాళ్ళ నోట్లోంచి లాక్కున్నామండి. మీరు దాచేసేరు.”

పక్కనే ఉన్న మరో ఎం.ఏ. విద్యార్థికి చెవులు వినపడవు. అతను ఫ్లెక్సీ వైపు చూపించి చేతులు తిప్పాడు. ఆమె ఫక్కున నవ్వింది.

“ఏమంటున్నాడమ్మా?”

“ఆ దివ్యమైన అంగమేదో ఎక్కడుందో చూపించమంటున్నాడండి. ఉంటే లైబ్రరీ మెట్లెక్కడానికి నాకు పనికొస్తుందంట.”

నాకు నవ్వు రాలేదు. ఆమె నవ్వు కూడా ఆగిపోయింది.

“దీని కింద మేం ఆడమండి. గేటు బయట రోడ్డు మీద ఆడుకుంటాం. అక్కడ మా పేరు ఎవరూ దిద్దరు కదండి.”

అతిథులు రావడానికి గంట ఉంది. ఆమె బెదిరించడం లేదు. మిగతావాళ్ళు అప్పుడే డోలక్కులు, కుర్చీలు గేటు వైపు తరలిస్తున్నారు.

మా అన్నయ్యకి పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. నా స్నేహితులు అడిగినప్పుడల్లా “మొన్న సైకిలు మీంచి పడ్డాడు” అని చెప్పేవాణ్ణి. అలా ఏళ్ళ తరబడి పడుతూనే ఉన్నాడు పాపం, నా మాటల్లో. వాడి పరువు కాపాడుతున్నాననుకున్నాను. సిగ్గుపడింది నేను. ఆ పొద్దున్న షాపులో కలం తీసింది కూడా ఆ సిగ్గే.

స్టూలు వేసుకుని ఫ్లెక్సీ తాళ్ళు విప్పాను. వెనకవైపు తెల్లగా ఉంది. రంగు డబ్బా, బ్రష్షు తెచ్చి ఆమెకివ్వబోయాను.

“మీరే రాయండి. కొట్టేసింది మీరే కదండి.”

నేల మీద మోకాళ్ళేసుకుని రాశాను. ఆమె పైనుంచి చూసి పెదవి విరిచింది.

“మరీ తిన్నగా ఉన్నాయండి అక్షరాలు. కాస్త వంచండి.”

వంచాను. ముప్ఫయ్యేళ్ళుగా పిల్లల దస్తూరీ సరిచేసిన చేత్తో ‘వ’ని పక్కకి ఒరగబెట్టాను, ‘ట’ని కిందికి జార్చాను. ఫ్లెక్సీని తిప్పి మళ్ళీ వేదిక మీద కట్టాను. డోలక్కులు వెనక్కి వచ్చాయి.

అతిథుల్లో ఒక పెద్దాయన వేదిక ముందు ఆగి, “ఇదేం పేరండీ మాస్టారూ, మీరుండగా?” అన్నారు.

మైకు తీసుకున్నాను. “ఈ పేరు వీళ్ళు పెట్టుకున్నదండి. పొద్దున్న నేను సిగ్గుపడి మార్చేశాను. ఆ తప్పు నాది. మీకు నవ్వొస్తే నన్ను చూసి నవ్వండి. పేరు మాత్రం ఇదే” అని చెప్పి, అతిథుల పక్కన వేసిన నా కుర్చీని తీసి వెనక వరసలో వేసుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్ళాక అన్నయ్యకి ఫోన్ చేసి, సైకిలు సంగతి మొత్తం చెప్పాను.